అరువు రేపు

(డిసెంబరు 24, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు ఒక పట్టణ గ్రంథాలయంలో విశ్రాంత బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, ఈ మూల ఫ్యాన్ కూడా తిరుగుతోంది.

కరపత్రంలో నా ప్రసంగాంశం "వస్తు వ్యామోహం, ఆధునిక సమాజం" అని అచ్చు వేశారు. అది చూసి మా ఆవిడ, "దీని మీద మీరు మాట్లాడతారా? అటక మీద మూడు పాత మిక్సీలున్నాయి, ముందు వాటి సంగతి చెప్పండి" అంది. (నవ్వులు) అందుకని వైరాగ్యం బోధించడానికి రాలేదని ముందే మనవి చేసుకుంటున్నాను. నాకా అర్హత లేదు. ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో సగానికి పైగా అప్పుల సీట్లోనే గడిచింది. నాకు తెలిసిన విద్య అప్పు ఒక్కటే. వస్తువుల సంగతి కూడా ఆ వైపు నుంచే చెబుతాను.

ఈ రోజుకు వినియోగదారుల దినం అని పేరెందుకంటే, 1986లో ఇదే తారీఖున వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. 2019లో దాని స్థానంలో కొత్త చట్టం చేశారు. తూకంలో మోసం చేస్తే, నాసిరకం అంటగడితే, కేసు వేసే హక్కు మనకుంది. మంచిదే. కానీ సరైన తూకంతో, సరైన బిల్లుతో, గ్యారంటీ కార్డుతో సహా, మనకు అక్కర్లేని వస్తువును అమ్మారనుకోండి. ఏ వినియోగదారుల కమిషన్‌కు వెళ్తారు? నేను మాట్లాడబోయేది దాని గురించి.

మా చిన్నప్పుడు మా వీధి చివర ఒక కిరాణా కొట్టు ఉండేది. గుమ్మం పైన రేకు ముక్క మీద "అరువు రేపు" అని రాసి ఉండేది. మీలో జుట్టు నెరిసినవాళ్లందరూ ఇలాంటిది చూసే ఉంటారు. రేపు వెళ్లినా అదే బోర్డు, కాబట్టి ఆ రేపు రాదు. అయితే గల్లా పక్కన పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి ఉండేది. వీధిలో సగం ఇళ్లు అందులో ఉండేవి. బోర్డు ఊరివాళ్లందరికీ, పుస్తకం తెలిసినవాళ్లకి.

మా నాన్నగారు బడిపంతులు. ఇరవయ్యో తారీఖు దాటితే సరుకులన్నీ పద్దు మీదే. నేను వెళ్లి "నాన్నగారు రాయమన్నారండీ" అంటే చాలు, కందిపప్పు పొట్లం కట్టి ఇచ్చేవారు. ఒకసారి నాకు బుద్ధి పుట్టి, పప్పుతో పాటు బిస్కట్ల ప్యాకెట్ కూడా "రాయమన్నారు" అన్నాను. కొట్టు బాబాయిగారు నా మొహం ఒకసారి చూశారు. పప్పు చేతిలో పెట్టి, "బిస్కట్ల సంగతి మీ నాన్నగారిని నేనే అడుగుతాలే, నువ్వెళ్లు" అన్నారు. వారం రోజులు ఆ వీధిలోకి వెళ్లకుండా తిరిగాను. (నవ్వులు)

అప్పులిచ్చే సీట్లో కూర్చున్నాక ఆ బిస్కట్ల ప్యాకెట్ నాకు చాలాసార్లు గుర్తొచ్చేది. ఆయన వ్యాపారి. బిస్కట్లు అమ్ముడుపోతే లాభం ఆయనకే. నాన్నగారు బాకీ ఎగ్గొట్టే మనిషీ కాదు. అయినా వద్దన్నారు. మా ఇంటి నెల జీతం ఎంతో, దానికి ఎన్ని నోళ్లో ఆయనకు తెలుసు. బాకీ మా తాహతు దాటితే ఒకటో తారీఖున మొహాలు చూసుకోవలసింది ఆయనా మేమే.

సుమతీ శతకంలో ఏ ఊళ్లో కాపురం ఉండాలో చెప్పే పద్యం మీకందరికీ వచ్చు. అందులో మొట్టమొదట ఎవరిని చెప్పాడు? వైద్యుణ్ని కాదు. అప్పిచ్చువాణ్ని. కాబట్టి మన పెద్దలకు అప్పంటే గిట్టదని ఎవరైనా అంటే నమ్మకండి. కాకపోతే ఆ పద్యంలో అప్పిచ్చేవాడు ఊళ్లో ఉన్నాడు. ఏరు పారే ఊళ్లోనే, మనం ఉండే ఊళ్లోనే.

ఆ రోజులు బంగారం అని కూడా అనను. ఆ పద్దు పుస్తకంలో మా వీధి పేర్లున్నాయి కానీ ఊరి చివర పేట పేర్లు లేవు. వాళ్లకు అరువు నిజంగానే రేపు. వాళ్లకు అప్పు కావాలంటే ప్రోనోటు రాయించుకునేవాళ్ల దగ్గరికి వెళ్లాలి, మూడు రూపాయల వడ్డీకి. అంటే నూటికి నెలకు మూడు రూపాయలు. ఆ వడ్డీల కింద పొలాలు పోయినవాళ్లను నేనెరుగుదును. 1969లో పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసినప్పుడు జనం సంతోషించింది ఇందుకే. నేను 1985లో ఉద్యోగంలో చేరేటప్పటికి మేం ఇచ్చే అప్పులు ఏవంటే పంట రుణం, పాడి గేదె, కుట్టుమిషను, రిక్షా, ఆయిల్ ఇంజను. గేదెల అప్పుల్లో కథలు చాలా ఉన్నాయి. ఒకే గేదె నలుగురి పేర తనిఖీకి వచ్చిన సందర్భాలున్నాయి, మా ఫీల్డ్ ఆఫీసరు దానికి ముద్దుపేరు కూడా పెట్టాడు. అది వేరే రోజు చెబుతాను. ఇక్కడ చెప్పేదేమిటంటే, ఆ అప్పుతో కొన్న వస్తువు పాలిచ్చేది. తన వాయిదా తానే కట్టుకునేది.

వాయిదాల మీద అమ్మడం అనే పద్ధతిని ప్రపంచంలో బాగా వ్యాప్తిలోకి తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది అమెరికాలోని సింగర్ కంపెనీ. 1850ల్లోనే మొదలుపెట్టారు. వాళ్లు అమ్మింది కూడా కుట్టుమిషనే. ఇంటి ఇల్లాలు దాని మీద కుట్టి సంపాదించి కట్టేది. తర్వాత కార్లొచ్చాయి. 1919లో జనరల్ మోటార్స్ తన కార్లు కొనేవాళ్లకు అప్పులివ్వడానికే ఒక కంపెనీ పెట్టింది. హెన్రీ ఫోర్డుకు ఇది నచ్చలేదు. ఆయన 1923లో ఒక స్కీము పెట్టాడు. వారానికి అయిదు డాలర్ల చొప్పున కడుతూ ఉండండి, ధర మొత్తం జమ అయ్యాక కారు తీసుకెళ్లండి అన్నాడు. మన నగల కొట్లలో నెలనెలా కట్టే స్కీములుంటాయే, అలాంటిది. ఏమైంది? అది నడవలేదు. అవతలివాళ్లు కారు ముందే ఇస్తుంటే, కట్టి కట్టి ఎదురుచూసేవాడెవడు? 1928కల్లా ఫోర్డు కూడా అప్పుల కంపెనీ పెట్టుకోవలసి వచ్చింది. నన్నడిగితే మనం ఇవాళ ఉన్న లోకం అక్కడ మొదలైంది.

మన తెలుగులో వాయిదా అన్న మాట ఉంది చూశారూ, దానికి రెండర్థాలు. కిస్తీ అని ఒకటి. తర్వాతకు తోసెయ్యడం అని రెండోది, కోర్టు కేసులు వాయిదా పడ్డట్టు. మా అమ్మ కాలంలో కొనడాన్ని వాయిదా వేసేవాళ్లు. ఇప్పుడు కొనేసి, కట్టడాన్ని వాయిదా వేస్తున్నాం. ఆ మధ్యకాలం ఉండేది, కావాలనుకోవడానికీ ఇంటికి తెచ్చుకోవడానికీ మధ్య. అది ఎటు పోయిందన్నదే నా బెంగ.

మా అమ్మకు స్టీలు బిందె మీద మనసు పడింది. ఇంట్లో ఇత్తడి బిందె ఉంది, నీళ్లు మోయడానికి దానికేం లోటు లేదు. పక్కింట్లోకి స్టీలు వచ్చింది, అంతే. ఆశ అప్పుడూ ఉంది, పోటీ అప్పుడూ ఉంది. మా అమ్మ నెలకు అయిదు రూపాయల చీటీలో చేరింది. ఆ చీటీ పాట మా అరుగు మీదే జరిగేది. ప్రతి నెలా పాడాలని కూర్చోవడం, తగ్గించుకుని పాడితే నష్టమని లేచిపోవడం. మధ్యలో చెల్లికి జ్వరం వచ్చి ఒక నెల, నా పరీక్ష ఫీజుకు ఒక నెల సర్దుబాటు చేసుకోవలసి వచ్చింది. మొత్తానికి సంక్రాంతికి బిందె వచ్చింది. కొట్లోనే దాని మెడ మీద పేరు కొట్టించింది. ఉలి పెట్టి చిన్న చిన్న చుక్కలుగా కొడతారు. తన పేరు, కింద "14-1-1974". ఆ బిందె ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఇప్పుడు దాంట్లో నీళ్లు పట్టడం లేదు, బియ్యం పోస్తున్నాం. చేత్తో తడిమితే చుక్కలు ఇంకా గరుగ్గా తగులుతాయి.

పోయిన ఏడాది మా మనవడి పుట్టినరోజుకు వచ్చిన బొమ్మల్లో ఒక్కదాని పేరైనా వాడికి గుర్తుందేమో అడిగి చూశాను. కారు అన్నాడు. కార్లే ఏడున్నాయి.

సరే, ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. ఇందులో మొదటి దోషి నేనే. రిటైరయ్యాక ఫోను కొందామని ఒక షోరూముకు వెళ్లాను. ధర 24,000. "నో కాస్ట్ ఈఎంఐ సార్, నెలకు రెండు వేలు, 12 నెలలు, వడ్డీ సున్నా" అన్నాడు ఆ కుర్రాడు. ముప్ఫై నాలుగేళ్లు వడ్డీలు కట్టించిన మనిషిని, సంతకం పెట్టాను. నా వెనక నిలబడ్డాయన డబ్బు మొత్తం ఒకేసారి కట్టి అదే ఫోను తీసుకున్నాడు. ఆయనకు డిస్కౌంటు 1,500. అంటే దాని అసలు ధర 22,500. అంతే కదా? మిగతా 1,500 నేను కట్టే వడ్డీ. వడ్డీ అన్న పేరు ఒక్కటే లేదు.

ఇంటికొచ్చి కాగితం తీసుకుని వేశాను. 22,500కు నెలకు రెండు వేల చొప్పున 12 వాయిదాలంటే నూటికి నెలకు రూపాయి వడ్డీ. పక్కాగా రూపాయి. దీని మీద ప్రాసెసింగ్ ఫీజు అని, పన్నుతో కలిపి ఇంకో 400 దాకా పట్టారు. అది కలిపితే రూపాయి పావలా దాటింది. మా ఊళ్లో రూపాయి వడ్డీని ధర్మవడ్డీ అంటారు, నిజమే, ఘోరమేమీ కాదు. నా బాధ వడ్డీ ఎక్కువైందని కాదు. సున్నా అన్నాడే, నేను నమ్మానే అని. రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది, సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనే లేదని, అలా చెప్పి అమ్మొద్దని. ఆ సర్క్యులర్ వచ్చినప్పుడు నేను సర్వీసులోనే ఉన్నాను. చదివి ఫైల్లో పెట్టినవాణ్ని కూడా నేనే. (నవ్వులు)

ఇక క్రెడిట్ కార్డు. ఇక్కడ ఎంతమంది దగ్గర కార్డుంది? చేతులెత్తండి. పరవాలేదు, ఎవరికీ చెప్పను. గడువులోగా మొత్తం బిల్లు కట్టేవాళ్లకు అది చాలా మంచి వస్తువు. నేను చెప్పేది "మినిమమ్ డ్యూ", అంటే ఈ నెలకు కనీసం ఇంత కట్టండి అని బిల్లులో చూపే మొత్తం, అది మాత్రమే కట్టేవాళ్ల గురించి. బాకీ 40,000 ఉందనుకోండి. మీరు రెండు వేలు కట్టి హమ్మయ్య అనుకున్నారు. కార్డు వడ్డీ చాలాచోట్ల నెలకు మూడున్నర శాతం దరిదాపుల్లో ఉంటుంది. 40,000 మీద నెలకు 1,400. ఆ వడ్డీ మీద జీఎస్టీ 18 శాతం, 252. కలిపి 1,652. మీరు కట్టిన రెండు వేలలో అసలుకు చేరింది 348 రూపాయలు.

మూడున్నర శాతాన్ని మన భాషలో ఏమంటాం? మూడున్నర రూపాయల వడ్డీ. ఇందాక ప్రోనోటు వడ్డీల కింద పొలాలు పోయాయన్నానే, ఆ అప్పిచ్చినవాడు తీసుకున్నది మూడు రూపాయలు. వాణ్ని జలగ అన్నాం. ఇదే వడ్డీ తెల్లటి కవర్లో, మన పేరు ముందు "డియర్" అని పెట్టుకుని వస్తే మర్యాదగా ఉంటుంది. శాతం అన్న మాట పలకగానే మన బుర్ర పనిచేయడం మానేస్తుంది. రూపాయల్లోకి మార్చి చూడండి, మీ తాతగారు లోపలి నుంచి లేచి అరుస్తారు.

రెండేళ్ల కిందట ఒక కుర్రాడు ఈ గ్రంథాలయంలోనే నా దగ్గరికి వచ్చాడు. వాళ్లమ్మ తీసుకొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. చేతికొచ్చే జీతం 31,000. కాగితం మీద అన్నీ రాయించాను. ఫోను, బైకు, టీవీ, ఏసీ, చెల్లెలి పెళ్లికి పర్సనల్ లోను, యాప్‌లో తీసుకున్నవి రెండు. ఏడు వాయిదాలు, నెలకు 23,400. ఈ టీవీ ధర ఎంత బాబూ అని అడిగాను. చెప్పలేకపోయాడు. నెలకు 1,799 అన్నాడు. ఏసీ ఎంత? 2,450. దేనికీ ధర తెలియదు, వాయిదా మాత్రం పైసలతో సహా తెలుసు. ఏ ఒక్కటీ పెద్దది కాదు సార్ అంటాడు. నిజంగానే ఏ ఒక్కటీ పెద్దది కాదు. కొట్లో బోర్డులు చూడండి, ధర ఆవగింజంత, వాయిదా గుమ్మడికాయంత.

నెలలో అయిదో తారీఖున వాయిదాలన్నీ ఖాతాలోంచి పోతాయి. జీతం ఒక రోజు ఆలస్యమైతే చెక్ బౌన్స్ లాగానే జరిమానా. ఆ టెన్షన్‌కు నాలుగో తారీఖు రాత్రి వాడికి నిద్ర పట్టదట. వాళ్లమ్మ ఇంకో మాట చెప్పింది. మేనేజరు నోటికొచ్చినట్టు తిడుతున్నాడు, వేరే ఉద్యోగం చూసుకోరా అంటే వినడం లేదండీ అని. వాడు తల దించుకుని, "మధ్యలో ఒక నెల ఖాళీ వస్తే ఏడూ బౌన్స్ అవుతాయమ్మా" అన్నాడు.

అప్పటికి నాకు తోచలేదు కానీ తర్వాత చాలా రోజులు ఆ మాటే తిరిగింది. వస్తువులు ఎక్కువైతే సమాజానికేం నష్టం అని అడుగుతారు చూడండి, చెత్త పెరుగుతుంది, పర్యావరణం పాడవుతుంది అని చెబుతాం. అవన్నీ నిజమే. కానీ నేను కళ్లారా చూసింది, వాయిదాలున్న మనిషి ఎదురు చెప్పడం మానేస్తాడు. మేం ఉద్యోగంలో చేరిన కొత్తల్లో యూనియన్ సమ్మె అంటే గేటు దగ్గర పండగలా ఉండేది. ఒక రోజు జీతం పోతే పోయిందనే వాళ్లం, ఆ నెల పచ్చడితో సరిపెట్టుకునే వాళ్లం. నేను రిటైరయ్యే నాటికి కుర్రాళ్లు పక్కకు పిలిచి, "కోత పడితే ఈఎంఐకి ఇబ్బంది సార్" అనేవాళ్లు. వాళ్లు పిరికివాళ్లని నేననుకోలేదు. వాళ్ల వచ్చే అయిదేళ్ల జీతం అప్పటికే ఖర్చయిపోయింది. ఇంకా సంపాదించని డబ్బుకు కాపలా కాస్తున్నారు.

దేశం మొత్తం లెక్క ఒకటి చెప్పి వదిలేస్తాను. రిజర్వు బ్యాంకు అంకెల ప్రకారం కుటుంబాల ఆర్థిక పొదుపు, అప్పులు పోను మిగిలేది, 2020-21లో జీడీపీలో 11 శాతం పైన ఉండేది. 2022-23కి వచ్చేసరికి 5 శాతం దగ్గరకు పడిపోయింది. దాదాపు అయిదు దశాబ్దాల్లో ఇంత తక్కువ లేదు. ఇందులో ఇళ్లు కొనుక్కోవడానికి చేసిన అప్పు కూడా కలిసి ఉంది, కాబట్టి అంతా ఫోన్లకే తగలేశారని చెప్పకూడదు. నాకు నవ్వొచ్చింది మొదటి అంకె. 2020-21 ఏమిటి? కరోనా ఏడాది. కొట్లు మూసి ఉన్న ఏడాది. అంటే మనం మహా పొదుపరులం, కొట్టు తెరవకపోతే! (నవ్వులు)

ఆ ఏడాదే ఇంకొకటి జరిగింది, దానికి నవ్వు రాదు. 2020 డిసెంబరులో తెలంగాణలో లోన్ యాప్‌ల ఆగడాలు బయటపడ్డాయి. అయిదు నిమిషాల్లో అయిదు వేలు. కాగితాల్లేవు, హామీ సంతకం లేదు. యాప్ పెట్టుకునేటప్పుడు "అనుమతించండి" అని నాలుగుసార్లు నొక్కుతాం, అంతే. దాంతో మన ఫోన్లో ఉన్న నంబర్లన్నీ వాళ్ల చేతికి వెళ్లేవి. వాయిదా తప్పగానే బావమరిదికి, మేనేజరుకు, పిల్లల టీచరుకు మెసేజీలు, ఫలానా వాడు దొంగ అని, ఫొటోతో సహా. ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. హైదరాబాదు పోలీసులు కాల్ సెంటర్ల మీద పడి చాలామందిని అరెస్టు చేశారు.

కొట్టు బాబాయిగారి దగ్గర కూడా తాకట్టు పెట్టింది పరువే. కాకపోతే ఆయన దాన్ని దాచి ఉంచేవారు. బిస్కట్ల సంగతి నాన్నగారికి ఆయన చివరి దాకా చెప్పలేదు, నాకు తెలుసు.

తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు నియమాలు పెట్టింది. ఫోన్లోని నంబర్ల జాబితా యాప్ ముట్టుకోకూడదు. అన్ని ఖర్చులూ కలుపుకుని ఏడాదికి ఎంత శాతం పడుతుందో ముందే చూపాలి. అన్నిటికంటే నాకు నచ్చింది మూడోది. అప్పు తీసుకున్నాక మనసు మారితే, కొద్ది గడువులోగా అసలూ, ఆ కొన్ని రోజుల ఖర్చూ మాత్రం కట్టేసి జరిమానా లేకుండా బయటపడవచ్చు. చూశారా! మా అమ్మకు చీటీ పాటలో ఊరికే దొరికిన తీరిక, ఇప్పుడు నియమం రాసి ఇప్పించవలసి వచ్చింది.

ఆ తీరిక లేకుండా చేయడానికి అవతల ఎంత తెలివి ఖర్చు పెడుతున్నారో చూడండి. ఫోన్లో చీర చూస్తుంటే కింద ఎర్రగా "2 మాత్రమే మిగిలాయి" అని వస్తుంది. గడియారం వెనక్కి తిరుగుతుంటుంది. రెండు రోజుల తర్వాత చూడండి, ఆ రెండూ అలాగే ఉంటాయి. మనం వేయని వస్తువు బుట్టలో చేరుతుంది. బస్సు టికెట్ కొంటుంటే బీమా వద్దు అనడానికి "వద్దు, నా ప్రయాణం రిస్కులో పెడతాను" అని నొక్కాలి. ఇలాంటివి 13 రకాలు గుర్తించి 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించింది. అవి కనిపిస్తే ఫిర్యాదు చేయొచ్చు, టోల్ ఫ్రీ నంబరు 1915. ఇది రాసుకోండి, మిగతా నా ప్రసంగం మరచిపోయినా పరవాలేదు.

అక్షయ తృతీయ విషయం ఎవరో చీటీ పంపారు. బంగారం కొనాలా అని. మాది ఉత్తరాంధ్ర వైపు బంధుత్వం. మా మామ్మకు అక్షయ తృతీయ అంటే సింహాచలం చందనోత్సవం. అప్పన్నకు ఏడాది పొడుగునా ఉన్న చందనం ఒలిచి నిజరూపం చూపించే రోజు. తెల్లవారకముందే క్యూలో నిలబడటం. ఆ రోజు కొట్టుకు వెళ్లాలన్న ఆలోచనే ఉండేది కాదు. ఇప్పుడు మా కోడలికి ఆ రోజు సింహాచలం నుంచి కాదు, నగల కొట్టు నుంచి ఫోన్ వస్తోంది. కొనుక్కోండి, ఎవరొద్దన్నారు, బంగారం ఆపదకు పనికొస్తుంది, తాకట్టు సీట్లో కూర్చున్నవాణ్ని నాకు తెలీదా. అప్పు చేసి మాత్రం కొనకండి. అప్పు చేసి బంగారం కొని, ఆ బంగారం కుదువబెట్టి ఆ అప్పు తీర్చినవాళ్లను చూశాను.

పెళ్లిళ్ల గురించి చెప్పకపోతే ప్రసంగం పూర్తయినట్టు ఒప్పుకోరు. మన పెళ్లిళ్లలో చదివింపులు అని ఉండేవి. మైకులో పేరూ, ఎంత చదివించారో అందరికీ వినబడేలా చదివేవాళ్లు, పుస్తకంలో రాసేవాళ్లు. ఆ పుస్తకం ఇంట్లో బీరువాలో ఉండేది. రేపు వాళ్లింట్లో పెళ్లయితే అది తీసి చూసి, దానికి పది రూపాయలు కలిపి చదివించాలి. ఆడంబరమే, మోమాటమే. కానీ డబ్బు ఊళ్లోనే గుండ్రంగా తిరిగేది, పెళ్లి భారం నలుగురి మీదా పడేది. ఇప్పుడు హల్దీకి ఒక డ్రెస్సు, సంగీత్‌కు ఒక డ్రెస్సు, పెళ్లికి ముందే డ్రోను పెట్టి సినిమా. మన ఊరి పెళ్లిలో సంగీత్ ఎక్కడిది అని అడిగితే ముసలాడికేం తెలుసు అంటారు. ఆ కుర్రాడి ఏడు వాయిదాల్లో పెద్దది చెల్లెలి పెళ్లిదే. అందులో డ్రోను వాటా ఎంతో నేనడగలేదు, వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

స్టేటస్ అనే ఇంగ్లిషు మాట మనకు ముందే ఉంది, హోదా అనే అర్థంలో. ఇప్పుడు ఫోన్లో పెట్టేదాని పేరు కూడా స్టేటస్ అయింది. ఇది ఇరవై నాలుగు గంటల్లో చెరిగిపోతుంది. రోజూ కొత్తది పెట్టాలి.

చివరగా ఆ మిక్సీల సంగతి, లేకపోతే ఇంటికెళ్లి నేను సమాధానం చెప్పుకోవాలి. మా వీధిలోకి కళాయి వేసే ఆయన వచ్చేవాడు. నేల మీద చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తి ఊదేవాడు. ఇత్తడి గిన్నె ఎర్రగా కాలాక తగరం ముక్క లోపల తాకించి, దూది గుడ్డతో గిర్రున తిప్పేవాడు. ఒక్క క్షణంలో గిన్నె లోపలంతా వెన్నెల పడ్డట్టయ్యేది. పిల్లలమంతా దానికోసమే చుట్టూ మూగేవాళ్లం. వస్తువు ముసలిదవుతుంది, మళ్లీ కుర్రదవుతుంది, అదొక పద్ధతి. మా మొదటి మిక్సీకి అరిగింది లోపల ఒక చిన్న బుష్షు. బాగుచేసే ఆయన ఆ పార్టు రావట్లేదండీ అన్నాడు. రెండోదానికి మోటారు కాలింది, బాగుచేయడానికయ్యేది కొత్తదాని ధరలో మూడొంతులు. మూడోదాన్ని అతికించేశారు, విప్పడానికి మరలే లేవు.

ఇది అనుకోకుండా జరిగిందని మనం అనుకుంటాం. 1924లో జెనీవాలో ప్రపంచంలోని పెద్ద బల్బుల కంపెనీలు కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. అప్పటికి బల్బులు పదిహేను వందలు, రెండు వేల గంటలు కూడా వెలుగుతున్నాయి. ఇకపై వెయ్యి గంటలు దాటకూడదు, దాటిన కంపెనీ జరిమానా కట్టాలి అని. బాగా చేసినందుకు జరిమానా! మన అటక మీది మిక్సీకి తాతగారు ఆ బల్బన్న మాట. 2022లో ఇదే డిసెంబరు 24న మన ప్రభుత్వం రిపేరు హక్కు కోసం ఒక పోర్టల్ మొదలుపెట్టింది, ఏ కంపెనీ వస్తువును ఎక్కడ, ఎలా బాగుచేయించుకోవచ్చో చెప్పడానికి. నా మూడో మిక్సీని మాత్రం అది కూడా విప్పలేదు.

టైమైపోయిందని మాస్టారు గడియారం చూపిస్తున్నారు. ఆ కుర్రాడు ఏమయ్యాడని ఇందాక ముందు వరసలో అమ్మగారు అడిగారు. ముందు వడ్డీ ఎక్కువ ఉన్న రెండు యాప్ అప్పులూ తీర్చాడు. వాళ్లమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టి, ఆ డబ్బుతో. తర్వాత బైకు అమ్మేశాడు. ఆ ఏడింటిలో ఇంకా నాలుగు మిగిలాయి. ఉద్యోగం మారాడో లేదో తెలీదు, నేనడగలేదు.

నేను ప్రతి ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా ఇదే గ్రంథాలయంలో, దినపత్రికల బల్ల చివర కూర్చుంటాను. ఫీజు లేదు. మీ కార్డు బిల్లు, లోను కాగితం, ఏదున్నా పట్టుకురండి. ఎన్ని రూపాయల వడ్డీ పడుతుందో కాగితం మీద వేసి ఇస్తాను. మొహమాటపడకండి, నా ఫోను లెక్క కూడా అక్కడే గోడకు అంటించి పెట్టాను. కళ్లజోడు మాత్రం మరచిపోకుండా తెచ్చుకోండి. అసలు సంగతి ఎప్పుడూ కాగితం వెనక వైపు ఉంటుంది, అక్షరాలు చాలా చిన్నవి.